కడిగిన కప్పు

పోయినేడాది ఆఫీసు పనిమీద మూడు నెలలు లీడ్స్‌లో ఉన్నాను. ఒక శనివారం రైలెక్కి అరగంటలో యార్క్ వెళ్లి, సెయింట్ హెలెన్స్ స్క్వేర్‌లో ఉన్న బెటీస్ టీ రూమ్ ముందు 40 నిమిషాలు లైన్లో నిలబడ్డాను. ఇంగ్లండ్‌లో సంప్రదాయమైన టీ ఎక్కడ తాగాలని అడిగితే ముందు వినిపించే పేర్లలో అదొకటి. లోపల కిటికీ పక్కన టేబుల్ దొరికింది. వెండి టీపాట్, వేడినీళ్ల జగ్గు, పాల జగ్గు, ఆకు వడగట్టే చిన్న జాలి, పింగాణీ కప్పూ సాసరూ వచ్చాయి. ఫొటో తీసి నా దోస్తుకు పంపాను. రెండు నిమిషాల్లో రిప్లై:

"మస్తున్నది. ఆడ కప్పులెవరు కడుగుతరు?"

బయటివాళ్లకు ఇది మామూలు జోకు. మా ఇద్దరి మధ్య ఆ ప్రశ్నకు ఇరవై ఏళ్ల పైనే వయసుంది. ఆ రోజు నవ్వే బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నాను. జవాబు బాకీ పడ్డాను. ఈ వ్యాసం ఆ బాకీలో కొంత.

*

ముందు బెటీస్ సంగతి. 1919లో హారోగేట్‌లో మొదటి బెటీస్ తెరిచినాయన ఫ్రెడరిక్ బెల్మాంట్. పేరు ఇంగ్లిష్ దొర పేరులా ఉన్నా మనిషి స్విట్జర్లాండ్ వాడు, మిఠాయిలు చేసే పనివాడు. 1907లో ఇంగ్లిష్ రాకుండానే ఇంగ్లండ్‌లో దిగాడు. యార్క్ శాఖ 1937లో మొదలైంది. క్వీన్ మేరీ అనే పెద్ద ఓడ లోపలి అలంకరణకు ముచ్చటపడి, అలాంటి పనితనమే ఇక్కడా పెట్టించాడు. ఇంతకీ బెటీ ఎవరంటే, ఈ రోజుకీ తేలలేదు. అంటే ఇంగ్లిష్ సంప్రదాయం పేరుతో మనం లైన్లో నిలబడి చూసేది, బతకడానికొచ్చిన ఒక స్విస్ మనిషి ఒక ఓడను చూసి, ఎవరో తెలియని ఆడమనిషి పేరు మీద కట్టిన చోటు.

ఇది ఎగతాళికి చెప్పడం లేదు. మన ఇరానీ చాయ్ కథ కూడా ఇంతే కదా. ఇరాన్ నుంచి వచ్చినవాళ్లు పెట్టుకున్న హోటళ్లు తీసేస్తే హైదరాబాద్ హైదరాబాద్‌లా ఉండదు. సంప్రదాయాలన్నీ ఎక్కడో ఒకచోట ఎవరో పరాయివాడు మొదలుపెట్టినవే. అందుకే "ఇది అసలైనదా?" అన్న ప్రశ్న నన్ను ఎక్కువసేపు పట్టుకోలేదు. పట్టుకున్నది కుర్చీ.

ఇంగ్లండ్‌లో టీ షాపు మరీ పాత సంగతేం కాదు. 1864లో లండన్‌లో ఏరేటెడ్ బ్రెడ్ కంపెనీ అనే రొట్టెల కంపెనీ టీ షాపు తెరిచింది. 1894లో లయన్స్ వాళ్లు పికడిలీలో తమ మొదటి టీ షాపు పెట్టారు. అప్పట్లో బయట కూర్చుని ఏదైనా తాగాలంటే ఎక్కువగా పబ్బులు, మగవాళ్ల క్లబ్బులు. మర్యాదస్తురాలు అనిపించుకోవాల్సిన ఆడమనిషి ఒంటరిగా పోయి అక్కడ కూర్చుంటే లోకం ఊరుకోదు. టీ షాపులో కూర్చోవచ్చు. ఓటుహక్కు కోసం పోరాడిన ఆడవాళ్లు టీ రూముల్లో కలుసుకోవడానికి ఇదొక కారణం. ఒక కప్పు టీ కొంటే కాసేపు ఆ కుర్చీ నీది. ఎవరి భార్యవి, ఎవరి కూతురివి అని ఎవరూ అడగరు.

ముక్కూ మొహం తెలియని మనిషిని, ధర ఇచ్చినందుకు మాత్రమే, అందరితో పాటు కూర్చోబెట్టి, అందరికీ ఇచ్చే కప్పే ఇవ్వడం. రాస్తే ఒక్క వాక్యం. మనుషుల చరిత్రలో మాత్రం ఇది చాలా ఆలస్యంగా, చాలా కష్టపడి వచ్చిన వాక్యం. నా పక్క టేబుల్లో కూర్చున్న ముసలి దంపతులకు ఏ కప్పులో పోశారో నాకూ అలాంటి కప్పులోనే పోశారు. ఆ కప్పుతో నాకంటే ముందు ఎన్ని వందలమంది తాగి ఉంటారో. ఎవరో కడిగారు, మళ్లీ పెట్టారు. మన "ఎంగిలి" అన్న మాటను ఇంగ్లిష్‌లోకి మార్చబోయి చాలాసార్లు ఓడిపోయాను. ఆ మాట బరువు తెలియనివాళ్లు కట్టిన చోట కూర్చుని, ఆ మాట మోస్తూ పెరిగినవాడు చాయ్ తాగుతున్నాడు. దోస్తు అడిగిన ప్రశ్న సరిగ్గా అక్కడ తగిలింది.

*

మా మేనమామకు మా ఊళ్లో హోటల్ ఉండేది. హోటల్ అంటే మా దిక్కు చాయ్ దుకాణమే. బాసరకు 12 కిలోమీటర్ల దూరంలో ఊరు. పైన రేకులు, మట్టి పొయ్యి, రెండు బల్లలు. ఎండాకాలం సెలవులొస్తే నేను అక్కడే. నా పని గిలాసలు కడగడం.

గిలాసలు రెండు రకాలు. లోపల బల్ల మీద బోర్లించినవి ఒక రకం. బయట గోడకు చిన్న గూడు ఉండేది, అందులో నాలుగు గిలాసలు. ఒకదాని అంచు పగిలి ఉండేది. బల్ల మీదివి నేను కడగాలి. గూట్లోవి నేను ముట్టుకోకూడదు. తాగడానికి వచ్చినవాళ్లే వాటిని తీసుకుని, చాయ్ పోయించుకుని, తాగి, కడిగి, మళ్లీ గూట్లో పెట్టి పోవాలి. వాటిలో పోసేటప్పుడు సర్వ అంచు గిలాసకు తగలకుండా మామ జానెడు ఎత్తునుంచి పోసేవాడు. ఒక్క చుక్క కింద పడేది కాదు. చిన్నప్పుడు నాకది గొప్ప పనితనంలా కనిపించేది. ఇంట్లో నీళ్లతో ప్రాక్టీస్ కూడా చేశాను.

చాయ్ ధర అందరికీ ఒకటే. ఇక్కడ కాసేపు ఆగాలి. బయట తాగేవాళ్లకు తక్కువ ధర ఏం లేదు. పైసలు చేతికి తీసుకోకుండా బల్ల మీద పెట్టమనేవాడు మామ. తర్వాత అవే పైసలు తీసి డబ్బాలో వేసుకునేవాడు. పైసలకు అంటని మైల గిలాసకు అంటుకునేది.

నా దోస్తుదీ మా ఊరే, మా క్లాసే. వాళ్ల ఇల్లు దళితవాడలో. వాళ్ల నాయన గూట్లో గిలాస తీసుకుని బయట గొంతుక్కూర్చుని తాగుతుంటే వాడు పక్కన నిలబడి ఉండేవాడు. మాకు పదేళ్లున్నప్పుడు ఒకసారి, ఆటలో దాహమై ఇద్దరం హోటల్లోకి ఉరికొచ్చాం. మామ లేడు. వాడు బల్ల మీది గిలాస తీసి కుండలో ముంచబోయాడు. "అది కాదురా, నీది బయటున్నది" అన్నాను. మామ అనలేదు, ఊరి పెద్దలెవరూ అనలేదు. నేనే అన్నాను. వాడు గిలాస బల్ల మీద పెట్టేసి, బయటికి పోయి, గూట్లోది తెచ్చుకున్నాడు. నేను నీళ్లు పోశాను, పైనుంచి. వాడు తాగి, కడిగి, పెట్టేశాడు. మళ్లీ ఇద్దరం ఆటకు పోయాం.

మాది పెద్దకులమేం కాదు. బీసీలం. మా తాత దొర గడీ ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచినవాడే. అంబేడ్కర్ చెప్పిన అంతస్తుల అసమానత ఏమిటో పుస్తకంలో చదవకముందే నాకు అర్థం కావాల్సింది. ప్రతి మెట్టు మీద ఉన్నవాడికీ కింద ఇంకో మెట్టు చూపిస్తారు, దానికి కాపలా కూడా వాడికే అప్పజెప్తారు. పదేళ్ల పిల్లగాడు కూడా ఆ డ్యూటీ చేయగలడు. చేశాను.

*

2008లో బాసరలో ట్రిపుల్ ఐటీ పెట్టారు. పల్లెల్లో పదో తరగతి బాగా పాసైన పిల్లల్ని తీసుకుని, ఆరేళ్లు అక్కడే ఉంచి ఇంజినీరింగ్ చదివించే కాలేజీ. మొదటి బ్యాచ్‌లో మా ఊరినుంచి ఇద్దరికి సీటొచ్చింది, నాకూ వాడికీ. మెస్సులో ప్లేట్లన్నీ ఒకేలా ఉండేవి. నిన్న ఎవరు తిన్న ప్లేటు ఇవాళ ఎవరి చేతికొస్తుందో ఎవరికీ తెలియదు. ఆదివారం బయటికి పోనిస్తే బస్టాండ్ దగ్గర చాయ్ తాగేవాళ్లం.

బాసర సంగతి చాలామందికి తెలిసిందే. పిల్లలకు అక్షరాభ్యాసం చేయించడానికి తెలంగాణ నుంచి, ఆంధ్ర నుంచి, మహారాష్ట్ర నుంచి జనం సరస్వతి గుడికి వస్తూనే ఉంటారు. గోదావరిలో స్నానం, గుళ్లో పలకా బలపం, బయటికొచ్చాక చాయ్. చాయ్ పోసేవాడికి ఎదుటివాడు నాందేడ్ నుంచి వచ్చాడో నిజామాబాద్ నుంచి వచ్చాడో తెలియదు. కులం అడిగే తీరిక అసలే లేదు. గిలాసలన్నీ ఒకే బకెట్లో ముంచి తీస్తాడు, అందరికీ అవే ఇస్తాడు.

మా ఊరు అక్కడికి 12 కిలోమీటర్లు. రెండుచోట్లా అదే చాయ్ పత్తా, అవే పాలు. అక్కడ గూడు, ఇక్కడ బకెట్. తేడా మనుషుల మంచితనంలో ఉందని నేను అనుకోను. బస్టాండ్ దగ్గర చాయ్ పోసేవాడి సొంతూళ్లో వాడికీ ఒక గూడు ఉండి ఉండొచ్చు. ఇక్కడ వాడికి ఎదుటి మనిషి ఎవరో తెలియదు. అంతే తేడా.

1971లో జాన్ రాల్స్ రాసిన న్యాయ సిద్ధాంతంలో ఒక తెర ఉంటుంది. సమాజంలో తనకు ఏ స్థానం వస్తుందో తెలియకుండా ఆ తెర వెనక కూర్చుని నియమాలు రాసుకుంటే, అవి న్యాయంగా ఉంటాయని ఆయన వాదన. ఆయన చెప్పింది మన గురించి మనకు తెలియకపోవడం. బస్టాండ్‌లో జరిగేది ఎదుటివాడి గురించి తెలియకపోవడం. రెండూ ఒకటి కాదు. అయినా ఆ పుస్తకం గురించి చదివినప్పుడల్లా నాకు బాసర బకెట్టే గుర్తొస్తుంది. తెలియకపోవడం కూడా ఒక్కోసారి న్యాయానికి కూలీ చేస్తుంది. రైల్వే స్టేషన్, సినిమా హాలు, పట్నంలో అద్దె గదులున్న కొన్ని సందులు, ఇవన్నీ చిన్నచిన్న తెరలే. పల్లెను పొగిడేవాళ్లతో అంబేడ్కర్‌కు ఎందుకు పడలేదో ఆ బస్టాండ్‌లో నిలబడితే అర్థమవుతుంది.

యార్క్‌లో నాకు దొరికిన మర్యాద కూడా ఈ రకందే. నన్ను "సర్" అన్న ఆ తెల్ల ఏప్రన్ అమ్మాయికి నేనెవరో తెలియదు. నేను ఒకప్పుడు ఎవరికి ఏమన్నానో అసలే తెలియదు.

*

అయితే తెలియక ఇచ్చిన మర్యాదను మర్యాద అనొచ్చా? టీపాట్‌లో రెండోసారి వేడినీళ్లు పోసుకుంటూ నేను ఆలోచించింది ఇదే.

మొదటి చిక్కు, ఆ తెర అందరికీ ఉండదు. కులం మొహం మీద రాసి ఉండదు కాబట్టి బస్టాండ్ మా వాడికి పనికొచ్చింది. ఒంటి రంగును ఎక్కడ దాస్తారు? 1943లో వెస్టిండీస్ క్రికెటర్ లియరీ కాన్‌స్టంటైన్ లార్డ్స్‌లో మ్యాచ్ ఆడటానికి వచ్చి, భార్యాబిడ్డతో లండన్‌లో ఒక పెద్ద హోటల్లో దిగాడు. గదులు ముందే మాట్లాడుకున్నాడు, పైసలకు కొదవలేదు. అక్కడ దిగిన అమెరికన్ తెల్లవాళ్లకు నచ్చదని చెప్పి, ఒక్క రాత్రి తర్వాత ఖాళీ చేయమన్నారు. దేశమంతా తెలిసిన ఆటగాడు ఆయన. కోర్టుకెళ్లి 1944లో గెలిచాడు. వచ్చిన పరిహారం ఐదు గినీలు. హోటళ్లలో, రెస్టారెంట్లలో, పబ్బుల్లో రంగును బట్టి మనుషుల్ని వెళ్లగొట్టకూడదని బ్రిటన్ చట్టం చేసింది 1965లో. అంటే నేను కూర్చున్న కుర్చీ నాలాంటి రంగువాడికి కూడా చట్టప్రకారం దక్కి ఇంకా నూరేళ్లు కాలేదు.

ఈ విషయంలో మనమే ముందు. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలు, హోటళ్ల పేరెత్తి మరీ, కులం వల్ల ఎవరినీ ఆపకూడదని రాసుకున్నాం. 1955లో వచ్చిన అస్పృశ్యతా నేరాల చట్టం ఇంకో అడుగు వేసి, హోటళ్లలో జనం వాడుకునే పాత్రల సంగతి కూడా చెప్పింది. గిలాస గురించి చట్టం చేసుకోవాల్సి వచ్చిన దేశం మనది. ఆ చట్టం వచ్చిన 48 ఏళ్లకు కూడా మా మామ గూట్లో నాలుగు గిలాసలు ఉన్నాయి.

రెండో చిక్కు నాకు బెటీస్ కింది అంతస్తులో కనిపించింది. అక్కడ గోడకు ఒక పాత అద్దం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో చుట్టుపక్కల వైమానిక స్థావరాల కుర్రాళ్లు అక్కడి బార్‌కు వచ్చేవాళ్లు. వాళ్లలో కెనడా వాళ్లూ చాలామంది. వజ్రపు ములికి ఉన్న కలంతో ఆ అద్దం మీద తమ పేర్లు గీసిపోయారు. వందల పేర్లు. మళ్లీ వస్తామో రామో తెలియని పిల్లలు. ముక్కూ మొహం తెలియని చోట కాసేపు కూర్చుని పోవడం వాళ్లకు చాల్లేదు. మనిషికి కుర్చీ కావాలి. నేను ఫలానా అని తెలిసి కూడా కూర్చోబెట్టేవాళ్లు కావాలని కూడా ఉంటుంది. పేరు చెబితే కుర్చీ పోతుందనుకున్న చోట మనిషి పేరు మింగేస్తాడు. కాలేజీలో ఎవరైనా ఇంటిపేరు అడిగితే మా వాడు మాట మార్చడం నేను ఎన్నోసార్లు చూశాను. అద్దం ముందు నిలబడితే అదంతా గుర్తొచ్చింది.

మూడో చిక్కు పైసలు. 1785లో వచ్చిన ఒక పుస్తకంలో కాంట్ రెండు మాటల్ని విడదీస్తాడు. ఒకటి ధర, రెండోది గౌరవం. ధర ఉన్నదాని బదులు ఇంకోటి తెచ్చుకోవచ్చు, గౌరవం ఉన్నదానికి బదులు ఉండదు. ఆ లెక్కన టీ రూమ్‌లో నాకు దొరికింది ధర వైపు సరుకే. ఒక పాట్ టీ, ఫ్యాట్ రాస్కల్ అనే బన్ను ఒకటి. రూపాయల్లోకి మార్చుకోవద్దని ఒట్టు పెట్టుకుని కూడా మార్చాను, వెయ్యి దాటింది. "సర్" అన్న మాట, నవ్వు, కిటికీ పక్క టేబుల్, అన్నీ ఆ బిల్లులోవే. పైసలు లేనివాడికి ఆ కుర్చీ లేదు.

మూడింటినీ కలిపి నేను ఒక తీర్పుకొచ్చాను. నిజమైన మర్యాద అంటే తెలిసి ఇచ్చేది, పైసలతో పనిలేకుండా ఇచ్చేది. మిగతాదంతా వ్యాపారం. తిరుగు రైల్లో ఇదంతా దోస్తుకు వాయిస్ మెసేజ్ పెట్టాను. ఆరు నిమిషాల మెసేజ్.

*

వాడు ఫోన్ చేశాడు.

"అరే, నాకైతే బాసర బస్టాండే మంచిగుండె."

"వాళ్లకు నువ్వెవరో తెల్వకనే గదరా ఇచ్చింది?"

"అందుకే మంచిగుండె. తెలిసి ఇచ్చేటోడు ఎట్లిస్తడో నీకెర్కలేదు. గిలాస చేతిల పెట్టి మొహం దిక్కు చూస్తడు, నేను సంబురపడ్డనా లేదా అని. వాని మంచితనం గూడ నేనే మొయ్యాల్నా? బస్టాండ్ల పైసలిచ్చిన, తాగిన, లేచిన. ఎవ్వనికి దండం పెట్టలే."

"గని పైసలతోని కొన్న మర్యాద…"

"కొన్నదే నాది. ఎవడన్న ఇచ్చింది మళ్ల గుంజుకుంటడు."

కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు. తర్వాత వాడే అడిగాడు: "ఇగ చెప్పు, కప్పులెవరు కడుగుతరు?"

"లోపల మిషన్ ఉంటది కావచ్చు."

"నయం. దానికి కులం లేదు" అని నవ్వాడు.

నా ఆరు నిమిషాల సిద్ధాంతంలో తప్పెక్కడుందో అప్పుడు కనిపించింది. మర్యాద గురించి నేను మొత్తం ఇచ్చేవాడి కుర్చీలోంచి ఆలోచించాను. ఇచ్చేవాడి మనసు స్వచ్ఛంగా ఉందా, తెలిసి ఇస్తున్నాడా, లాభం చూసుకుంటున్నాడా అని. తాగేవాడికి ఇవేవీ అక్కర్లేదు. వాడికి చాయ్ కావాలి, కూర్చోవడానికి చోటు కావాలి, లేచిపోయేటప్పుడు ఎవరికీ రుణపడి ఉండకూడదు. తరతరాలుగా ఇంకొకరి దయ మీద నీళ్లు తాగాల్సి వచ్చినవాళ్లకు, ధర అనేది గౌరవానికి శత్రువు కాదు. దాని చుట్టూ వేసుకున్న కంచె. పది రూపాయలు బల్ల మీద పెట్టినవాడు ఎవరి మంచితనాన్నీ అడుక్కోవడం లేదు.

రాజ్యాంగం గొప్పతనం కూడా ఇక్కడే ఉందనిపిస్తుంది. హోటల్ నడిపేవాడు మంచివాడు కావాలని 15వ అధికరణం కోరదు. వాడి మనసు మారేదాకా ఆగమనీ చెప్పదు. కుళ్లుకుంటూ ఇచ్చినా సరే, గిలాస ఇవ్వు అంటుంది. మనసులు మారాలి అని వేదికల మీద చెప్పేవాళ్లను చూస్తే మా వాడికి ఒళ్లు మండేది ఇందుకే. మనసు మారడానికి ఎన్నేళ్లయినా పడుతుంది, దాహం అంతసేపు ఆగదు.

కానీ వాడి జవాబు వాడికి చాలు, నాకు చాలదు. ఇన్నాళ్లూ నేను కలిపేసిన ప్రశ్నలు రెండు. తాగేవాడికి ఏం దక్కాలి అన్నది ఒకటి. దానికి హక్కు, ధర, తెలియనితనం, ఏది పనికొస్తే అది మంచిదే. ఇచ్చేవాడు ఏం చేయాలి అన్నది రెండోది. ఇచ్చేవాడికి తెలియనితనం ఒక సాకు అవుతుంది. నాకు వాడు తెలుసు, వాళ్ల నాయన తెలుసు, గూడు తెలుసు. "నీది బయటున్నది" అన్న గొంతు నాదే. "నీ మంచితనం నాకొద్దు" అనే హక్కు వాడికుంది. ఆ మాట పట్టుకుని "హమ్మయ్య, అయితే నేనేం చేయక్కర్లేదు" అనుకునే హక్కు నాకు లేదు.

*

మా మామ హోటల్లో గూడు ఎట్లా పోయిందో చెప్పాలి. పోరాటాలతో పోయిన ఊళ్లున్నాయి. మా ఊళ్లో డిస్పోజబుల్ గ్లాసుతో పోయింది. నేను పదో తరగతికి వచ్చేసరికి మామ గాజు గిలాసలు తీసేసి, ముందు ప్లాస్టిక్‌వి, తర్వాత పేపర్ కప్పులు తెచ్చాడు. కడిగే పని తప్పింది. లోపలా బయటా అందరికీ అవే. కొన్నాళ్లకు గూటిని సిమెంటుతో పూడ్చి సున్నం కొట్టించాడు. ఇప్పుడు మా ఊళ్లో ఎవరిని అడిగినా "అప్పట్ల ఉండె, ఇప్పుడట్లాంటియేం లెవ్వు" అంటారు. అబద్ధం కాదు. రెండు గ్లాసుల పద్ధతి లేదు, ఎందుకంటే గ్లాసులే లేవు.

తాగేవాడి వైపునుంచి చూస్తే ఇది లాభమే. ఒక అవమానం తగ్గింది. మా వైపునుంచి చూస్తే, రాయాల్సిన పరీక్ష రద్దయింది. ఒక మనిషి తాగిన గిలాసను కడిగి ఇంకో మనిషికి ఇవ్వగలమా అన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండానే, ప్రశ్నను నలిపి చెత్తబుట్టలో వేశాం. పాసైనట్టు చెప్పుకుంటున్నాం. బెటీస్‌లో ఆ పింగాణీ కప్పు నన్ను ఇబ్బంది పెట్టింది ఇందుకే. దాన్ని పారేయలేరు. ఒకరు తాగాక కడగాలి, కడిగి ఇంకొకరికి ఇవ్వాలి.

ఆరేళ్లు వాడూ నేనూ ఒకే కాలేజీలో ఉన్నాం, అందులో నాలుగేళ్లు ఒకే గదిలో. సెలవులకు ఒకే బస్సులో ఊరికి పోయేవాళ్లం. బస్సు దిగాక వాడు ఎడమకు, నేను కుడికి. ఒక్కసారి కూడా మా ఇంటికి రమ్మని పిలవలేదు. వాడూ అడగలేదు. అడగకపోవడాన్ని నేను స్నేహం అనుకున్నాను.

మొన్న దసరాకు పిలిచాను. అంతకు ముందురోజు అమ్మ పేపర్ కప్పులు తెమ్మంది. "పండుగకు మస్తుమంది వస్తరు బిడ్డా, ఎన్ని గిలాసలని కడుగుత" అంది. మామూలు మాటే. ప్రతి పండుగకూ అనే మాటే. నేను తేలేదు. మర్చిపోయానని చెప్పాను.

వాడొచ్చాడు. అమ్మ పలకరించింది. "మంచిగున్నవా బిడ్డా? అమ్మ మోకాళ్లు ఎట్లున్నయ్?" అని అడిగింది. స్టీలు గిలాసల్లో చాయ్ తెచ్చింది, నాలుగూ ఒక్క తీరువి. వాడు తాగాడు. లేచేటప్పుడు గిలాస చేతిలోనే పట్టుకుని ఒక్క క్షణం నల్లా ఎక్కడుందా అన్నట్టు చూశాడు. నేను ఆ గిలాస వాడి చేతిలోంచి తీసుకున్నాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

వాణ్ని గేటుదాకా సాగనంపి వచ్చేసరికి నాలుగు గిలాసలూ నల్లా కింద ఉన్నాయి. అమ్మ కొంగు నడుముకు చెక్కుకుంటూ అటే వస్తోంది. నేను గబగబా పోయి, అమ్మకంటే ముందే కూర్చుని, నాలుగూ కడిగేశాను. "నీకెందుకు బిడ్డా, నేను తోముత గదా" అంది. వినిపించుకోలేదు.

అమ్మ నాలుగింటినీ కలిపి తోమేదేమో. ఒకదాన్ని పక్కన పెట్టేదేమో. నాకు తెలియదు. తెలియకుండా ఉండే ఏర్పాటు నేనే చేసుకున్నాను. మామ పేపర్ కప్పులతో చేసిన పని, నేను సబ్బుతో చేశాను.

రాత్రి వాడి మెసేజ్ వచ్చింది: "ఇంతకీ గిలాసలెవరు కడిగిన్రు?"

"నేనే" అని పంపాను.

రెండు నీలి టిక్కులు పడ్డాయి. వాడు ఇంకేం అడగలేదు.